గ్రంథాలయంలో పాత తెలుగు సినిమా ఉచితంగా వేయడం ఎలా? మాట వినబడేలా వేయడం ఎలా?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల గ్రంథాలయాల్లో పాత సినిమా వేయడానికి పెద్దగా కొదవేం లేదు. హాలుంటుంది, కుర్చీలుంటాయి, చూడాలని ఉబలాటపడే పెద్దవాళ్ళుంటారు, ప్రొజెక్టరు పక్క హైస్కూల్లోనో కాలేజీలోనో దొరుకుతుంది. అయినా పావుగంటకే వెనక వరసలు లేచిపోతుంటాయి. ‘ఈ రోజుల్లో పాత సినిమా ఎవరు చూస్తారండీ’ అని నిర్వాహకులు సరిపెట్టుకుంటారు. వెళ్ళిపోయేవాళ్ళని గుమ్మం దగ్గర ఆపి అడిగి చూడండి. మాట తెలియలేదంటారు. బొమ్మ బాగానే పడింది, పాటలూ బాగానే వచ్చాయి, మాట మాత్రం గంగాళంలోంచి వచ్చినట్టు మోగింది. అందుకే ఇక్కడ సగానికి సగం శబ్దం గురించే చెప్తాను.

సినిమా, హక్కులు

మొదటి ప్రదర్శనకి ‘కన్యాశుల్కం’ వేయండి. గురజాడ నాటకాన్ని 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే. పి. పుల్లయ్య దర్శకత్వంలో సినిమా 1955లో వచ్చింది. గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. సంగీతం ఘంటసాలది, ఆయన పాట నేర్చుకున్నదీ విజయనగరం మహారాజా సంగీత కళాశాలలోనే. ఈ నేలకి ఇంత దగ్గరైన సినిమా ఇంకొకటి లేదు. పైగా అది మాటల సినిమా, మీ సౌండు సంగతి పది నిమిషాల్లో తేల్చేస్తుంది.

హక్కుల లెక్క సులువే. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు రక్షణ. విడుదల సంవత్సరానికి 61 కలపండి, వచ్చిన ఏడాది జనవరి 1 నుంచి ఆ సినిమాకి కాపీరైట్ ఉండదు. ‘కన్యాశుల్కం’ 1955, కాబట్టి 2016. ‘మాయాబజార్’ 1957, కాబట్టి 2018. కానీ ‘మాయాబజార్’కి 2010లో రంగులద్దారు, ఆ రంగుల కాపీ జోలికి పోకండి, నలుపు తెలుపే వేయండి. ‘శంకరాభరణం’ 1980, అంటే 2041 దాకా అనుమతి లేకుండా వేయకూడదు. పాటల రచనకీ బాణీలకీ లెక్క వేరు, కర్త పోయాక 60 ఏళ్ళు. అందుచేత విశ్రాంతిలో పాటలు విడిగా పెట్టకండి. టిక్కెట్టు, చందా డబ్బా, దుకాణాల బ్యానర్లు ఏవీ వద్దు. అనుమానం ఉంటే హక్కుదారుకి ఉత్తరం రాసి, జవాబు ఫైల్లో పెట్టాకే వేయండి. హాలు కోసం గ్రంథాలయాధికారి దగ్గర తేదీ, వేళ రాసిన అనుమతి కాగితం తీసుకోండి. నోటి మాట చాలదు.

యూట్యూబులోంచి నేరుగా వేయకండి. మధ్యలో ప్రకటనలొస్తాయి, నెట్టు ఆగుతుంది. చాలా అప్‌లోడుల్లో వెడల్పు తెర నింపడానికి బొమ్మ పైనా కిందా కోసేస్తారు, నుదుళ్ళు ఎగిరిపోతాయి. వీసీడీ కూడా వద్దు. అందులో బొమ్మ 352×288 చుక్కలే, ఎనిమిదడుగుల తెర మీద మొహాలు అలికేసినట్టుంటాయి. మంచి డీవీడీ కొని ల్యాప్‌టాప్‌లో ఆడించండి.

తెర, బొమ్మ

తెర 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. దాని కింది అంచు నేలకి 4 అడుగుల పైన ఉండాలి. ముందు జంబుఖానాలు, వెనక కుర్చీలు, చివరి వరస 36 అడుగులు దాటకూడదు. నలుపు తెలుపుకి 3,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టరు చాలు.

ఆ కాలం సినిమాలు దాదాపు 4:3 నిష్పత్తిలో తీసినవి. వెడల్పు ప్రొజెక్టరు దాన్ని 16:9కి సాగదీస్తే సావిత్రి మొహం బూరెలా ఉబ్బుతుంది. సెట్టింగుల్లో ‘4:3’ ఎంచుకోండి, పక్కల నల్లపట్టీలు వస్తే రానివ్వండి. స్కూళ్ళలో మూలపడేసిన 1024×768 పాత ప్రొజెక్టరు ఉందే, అది పుట్టుకతోనే 4:3. పాత సినిమాకి అదే మేలు. వెడల్పు ప్రొజెక్టరైతే ఒక సంగతి గుర్తుంచుకోండి: 6 అడుగుల ఎత్తు రావాలంటే దాని పూర్తి వెలుగు 10 అడుగుల 8 అంగుళాలు పరుచుకోవాలి. త్రో నిష్పత్తి (తెరకున్న దూరాన్ని వెలుగు వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్నది తెరకి 16 అడుగుల దూరాన ఉండాలి, 12 కాదు. ఎల్‌ఈడీ వాల్ అద్దెకి తెచ్చేవాళ్ళున్నారు. నలుపు తెలుపు సినిమాకి ఆ వెలుగు ఎక్కువ, ముందు కూర్చున్నవాళ్ళకి బొమ్మ బదులు చుక్కలు కనిపిస్తాయి. వద్దు.

శబ్దం: తొందరపడకూడనిది ఇక్కడే

పఠన మందిరం అంటే పైన శ్లాబు, కింద మొజాయిక్, చుట్టూ సున్నం గోడలు, మధ్యలో ఇనప బీరువాలు. ప్రతిదీ శబ్దాన్ని తిప్పికొడుతుంది. హాలు మధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. ఖంగుమని సాగితే మాట కూడా అలాగే సాగి, వెనకొచ్చే మాట మీద పడుతుంది. అప్పుడు చాలామంది చేసేది వాల్యూం పెంచడం. దాంతో ఖంగు కూడా పెరుగుతుంది, మాట ఇంకా మునుగుతుంది.

చేయాల్సింది తెరకి ఎదురుగా ఉన్న వెనక గోడకి మందపాటి జంబుఖానాలు గానీ దుప్పట్లు గానీ కట్టడం. గోడకి నాలుగంగుళాలు ఎడంగా వేలాడితే ఇంకా మంచిది. పుస్తకాలు నిండిన చెక్క అలమరలు జరపొద్దు, ఎత్తుపల్లాల పుస్తకాల వెన్నులు శబ్దాన్ని చెదరగొడతాయి. ఇనప బీరువా తలుపుల సందులో మడత పెట్టిన అట్టముక్క దోపండి, లేకపోతే గంభీరమైన గొంతు వచ్చినప్పుడల్లా గడగడలాడుతుంది. సీలింగు ఫ్యాన్లు రెగ్యులేటరు మూడు మీద.

స్పీకర్లు రెండే, తెరకి అటొకటి ఇటొకటి, స్టాండు మీద. వాటి మూతి కూర్చున్నవాళ్ళ తల కన్నా కొంచెం పైన ఉండి, చివరి వరస వైపు వంగి చూడాలి. వెనక ఇంకో స్పీకరు పెడితే వెనకవాళ్ళకి బాగా వినిపిస్తుందనుకోవడం పొరపాటు. శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు పోతుంది. వెనక స్పీకరు మాట వెంటనే చెవిలో పడుతుంది, 40 అడుగుల అవతల తెర దగ్గర్నుంచి వచ్చేది సెకనులో 28వ వంతు ఆలస్యంగా వస్తుంది. మాట రెండుగా చీలుతుంది. పెళ్ళిళ్ళకి కట్టే మైక్‌సెట్టు తెప్పిస్తే బేస్ బాక్సులు వద్దని ముందే చెప్పండి.

మిక్సరు (మైక్‌సెట్టులో శబ్దాన్ని సరిచేసే మీటలుండే పెట్టె) మీద మొదట ‘ఎకో’ మీట సున్నాకి తిప్పండి. కిందటి ఫంక్షన్లో ఎవరో తిప్పింది అలాగే ఉండిపోతుంది. తర్వాత ‘లో’ (బరువైన శబ్దం) బాగా తగ్గించండి, ‘మిడ్’ (మధ్య శబ్దం) రవ్వంత పెంచండి, ‘హై’ (సన్నని శబ్దం) మధ్యలో ఉంచండి. ‘హై’ పెంచితే పాత ప్రింటు బుసంతా బయటికొస్తుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటు: ల్యాప్‌టాప్ నుంచి మిక్సరుకి వేసే తీగ. ల్యాప్‌టాప్ వైపు సన్నపిన్ను మీద రెండు నల్లగీతలుంటాయి, అందులో ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండు శబ్దాలు వస్తాయి. అటు చివర కూడా రెండు గీతలున్న లావుపిన్ను ఉండి, దాన్ని మిక్సరులో ఒకే రంధ్రంలో పెట్టారనుకోండి. అది బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు తీగల్లో వచ్చేదాన్ని ఒకే శబ్దంగా తీసుకునే రంధ్రం) అయితే మిక్సరు ఆ రెండు శబ్దాల తేడానే తీసుకుంటుంది. పాత సినిమా మోనో, ఎడమా కుడీ ఒకటే. తేడా సున్నా. మాట మొత్తం మాయమై, సన్నటి బుస మాత్రం మిగులుతుంది. మైక్‌సెట్టు అబ్బాయి కొత్త పాట పెట్టి చూస్తాడు, అది స్టీరియో కాబట్టి ఎంతో కొంత మోగుతుంది. ‘సెట్టు బాగానే ఉందండీ, మీ సినిమాయే పాడైంది’ అంటాడు. సినిమాకి ఏమీ కాలేదు. ల్యాప్‌టాప్ వైపు ఒక పిన్ను, మిక్సరు వైపు ఒక్కో గీతతో విడివిడిగా రెండు పిన్నులు ఉన్న తీగ అడగండి. రెండింటినీ రెండు ఛానళ్ళలో పెట్టండి, ఒకదాన్నే పెట్టినా మోనోకి నష్టం లేదు. బుర్రుమని రొద వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి. ఆగిపోతే ల్యాప్‌టాపునీ ఆంప్లిఫయర్నీ ఒకే ప్లగ్గు బోర్డుకి మార్చండి.

పరీక్ష పాటతో చేయకండి, పాట ఎక్కడైనా బాగానే ఉంటుంది. గిరీశం ఇంగ్లీషు కలిపి గబగబా మాట్లాడే సీను పెట్టండి. వినేది మీరు కాకూడదు. మీకు డైలాగు కంఠతా వచ్చు, వినబడకపోయినా విన్నట్టే ఉంటుంది. ఆ సినిమా చూడని పిల్లనో పిల్లాణ్ణో చివరి వరసలో కూర్చోబెట్టి, వరసగా పది వాక్యాలు విన్నవి విన్నట్టు రాయమనండి. ఎనిమిది సరిగ్గా వస్తే చాలు, జనం నిండాక ఒంట్లూ బట్టలూ ఖంగుని ఇంకొంత మింగేస్తాయి. అయిదే వస్తే స్పీకర్ల మూతి ఇంకాస్త వంచి, ‘లో’ ఇంకా తగ్గించి, మళ్ళీ రాయించండి. ఈ పని కోసం ముందురోజు సాయంత్రం రెండు గంటలు కేటాయించుకోండి.

ప్రదర్శన రోజు

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, సినిమాకి మంచి అదను. ఆ రోజుల్లో ఆరింటికల్లా చీకటి పడుతుంది, కిటికీలకి నల్లగుడ్డ బెడద ఉండదు. కానీ మన తీరానికి అది తుపాన్ల కాలం కూడా. ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్ యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు ఠక్కున పోతే ప్రొజెక్టరు ఫ్యాను ఆగి, వేడెక్కిన బల్బు పాడవుతుంది. సభా కార్యక్రమం అయిదు నిమిషాలు, అంతే. విశ్రాంతి గడియారం చూసి ఇవ్వకండి, సీను ముగిశాక ఇవ్వండి. గుమ్మం దగ్గర ఒక చిన్న దీపం వెలుగుతూనే ఉండాలి.

అయ్యాక ప్రొజెక్టరు ఆపి, ఫ్యాను తనంతట తాను ఆగేదాకా స్విచ్చి తీయకండి. మిక్సరు మీటలు ఏవి ఎక్కడున్నాయో ఫోనులో ఫొటో తీసి, స్పీకరు స్టాండ్లు నిలబెట్టిన చోట నేల మీద సుద్దతో గీత గీయండి. సుద్ద తుడిచేలోపు గోడ నుంచి ఆ గీతలకి కొలతలు తీసి నోటుపుస్తకంలో రాసుకోండి.