నిద్రలో పళ్లు కొరుకుడు, మూడో పాఠం: మంచం దిగకముందే చూసుకోండి

పోయిన పాఠంలో దవడ తడిమి చూసుకోమంటే చాలామంది "అన్నా, నాకేం నొప్పి లేదు" అని రాశారు. ఎప్పుడు చూసుకున్నారని అడిగితే తెలిసింది: లేచి, మొహం కడుక్కుని, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్‌రోడ్డు దగ్గర చాయ్, సిగరెట్ అయ్యాకట! అప్పుడేం దొరుకుతుంది?

రాత్రంతా బిగుసుకున్న దవడ నొప్పి కళ్లు తెరిచినప్పుడే ఎక్కువగా ఉంటుంది. నాలుగు మాటలు మాట్లాడి, రెండు ఇడ్లీలు నమిలేసరికి కండరం సడలి నొప్పి తగ్గుతుంది, మీరేమో నాకు లేదనుకుని నోట్‌బుక్ మూసేస్తారు. అందుకే మంచం మీదే, ఫోన్ కూడా ముట్టకముందే చూడాలి. రెండు చెంపల మీద వేళ్లు పెట్టి ఒకసారి పళ్లు బిగించండి, ఉబికే కండరం అదే. వదిలేసి దాన్ని నొక్కండి, కణతలు కూడా నొక్కండి. నోరు తెరిస్తే మీ మూడు వేళ్లు నిలువుగా పట్టాలి.

"మా రూమ్మేట్‌కు చప్పుడు వినబడలేదు" అని ఒకరు రాశారు. చప్పుడు లేకుండా బిగబట్టేవాళ్లూ ఉంటారు. అద్దంలో చూడండి: నాలుక అంచున పళ్ల అచ్చులు, బుగ్గ లోపల తెల్లగీత, కోరపళ్ల మొనలు చదును కావడం. హనుమకొండలో రూములో ఉండి చదువుకున్న రోజుల్లో నా కుడి కోరపన్ను మొన అలాగే అరిగింది. అరిగిన ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, మళ్లీ రాదు.

ఇక సిగరెట్. పొగ తాగేవాళ్లలో పళ్లు కొరుకుడు ఎక్కువ. అదొక్కటే కారణం కాదు, పరీక్షల టెన్షన్, కాఫీ, మందు కూడా ఉంటాయి. కానీ నికోటిన్ మెదడును మేల్కొలిపే మందు. తాగిన 2 గంటల తర్వాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది, నిద్ర పలుచబడుతుంది, కొరుకుడు ఎక్కువగా ఆ పలుచటి నిద్రలోనే వస్తుంది. పడుకునే ముందు ఒకటి కాలిస్తే హాయిగా ఉంటుందంటారు. ఆ హాయి నికోటిన్ కోసం పీకుతున్న ఒళ్లు కాసేపు ఊరుకోవడమే. మానేయడమే మంచిది, అయితే ముందుగా నేను అడిగేది ఎన్ని తాగారన్న లెక్క కాదు, చివరి సిగరెట్ టైమ్.

అభ్యాసం: 14 రోజులు, ఒక్క రోజూ తప్పకుండా. రాత్రి చివరి సిగరెట్, చివరి చాయ్ ఎన్నింటికో రాయండి. పొద్దున కుడి దవడ, ఎడమ దవడ, కణతలకు వేరువేరుగా 0 నుంచి 10 దాకా నొప్పి మార్కులు వేయండి. ఎనిమిదో రోజు నుంచి చివరి సిగరెట్‌ను రోజూ కాల్చే టైమ్ కంటే 3 గంటలు ముందే ముగించండి. పళ్లు జివ్వుమంటుంటే మాత్రం 14 రోజులు ఆగకండి, నోట్‌బుక్ పట్టుకుని పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.