మెడికల్ రిపోర్టులన్నీ ఒక పద్ధతిలో పెట్టుకోవడం ఎలా?

"మీకు ఏ మందు పడదు?" అని డాక్టర్ అడిగితే, "ఏదో తెల్ల మాత్రండీ, అప్పుడెప్పుడో వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి" అని చెప్పినవాణ్ణి నేను. ఆ మందు పేరున్న చీటీ ఇంట్లోనే ఉంది, ఏ కవర్లో ఉందో తెలియదు, అంతే. ఆ సాయంత్రమే ఈ పనికి కూర్చున్నాను.

ముందు బీరువాలోవి, బ్యాగుల్లోవి, పరుపు కిందవి, కాగితాలన్నీ తెచ్చి నేల మీద పోయండి. మనిషికో కుప్ప, మనిషికో ఫైలు. ఇంటిల్లిపాదివీ ఒకే ఫైల్లో పెడితే మళ్లీ మొదటికే వస్తాం. ఒక్కో కుప్పని తేదీల వారీగా సర్దండి, కొత్తవి పైకి. డబ్బులు వచ్చేసిన ఇన్సూరెన్స్ బిల్లుల్లాంటివి పక్కన పడేసినా ఫర్వాలేదు గానీ డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, టీకాల కార్డు, గుండెకి స్టెంట్ వేసినప్పుడు ఇచ్చే కార్డు లాంటివి ఎన్నేళ్లయినా పారెయ్యకండి.

ఈసీజీ కనబడితే ఆగండి. అది చాలాసార్లు థర్మల్ పేపర్ (ఇంకు లేకుండా వేడితో అచ్చు పడే కాగితం) మీద ఉంటుంది. వేడికీ వెలుతురుకీ గీతలు వెలిసిపోతాయి, జాగ్రత్త అనుకుని ప్లాస్టిక్ కవర్లో పెడితే కొన్ని రకాల కవర్లలో ఇంకా తొందరగా పోతాయి. వెంటనే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్ ఫైల్లో పెట్టండి.

తర్వాత ఫోన్‌తో స్కాన్ చెయ్యండి, నాలుగు అంచులూ పడాలి. ల్యాబ్ పేరు, తేదీ, పక్కన ఉండే నార్మల్ రేంజ్, యూనిట్లు తెగిపోకూడదు, ఎందుకంటే షుగర్ ఒకచోట 126 అనీ ఇంకోచోట 7 అనీ ఉంటే రెండూ ఒకటే, మొదటిది డెసిలీటర్‌కి మిల్లీగ్రాముల్లో, రెండోది లీటర్‌కి మిల్లీమోల్స్‌లో రాశారు, యూనిట్ లేకపోతే అనవసరంగా టెన్షన్. ఫైలు పేరులో సంవత్సరం, నెల, రోజు ఈ వరసలోనే రాయండి, "2024-03-15 అమ్మ థైరాయిడ్" అన్నట్టు. అవే వరసగా వచ్చి కూర్చుంటాయి. వాట్సాప్‌లో పంపేసుకుంటే దాచినట్టే అనుకోకండి, ఆర్నెల్లు పోయాక గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య వెతుక్కోవాలి. ఫోన్లో ఒక కాపీ, వేరేచోట ఇంకో కాపీ, రెండిటికీ పాస్‌వర్డ్, అది ఇంట్లో నమ్మకమైన ఒకరికి తెలిసి ఉండాలి.

ఇంత చేసినా డాక్టర్ చూసేది ఒక్క పేజీయే. అది మీరే రాయాలి. పేరు, వయసు, బ్లడ్ గ్రూప్, పడని మందులు (పడకపోతే ఏమైందో కూడా), ఏ జబ్బు ఏ సంవత్సరం నుంచి, ఆపరేషన్లు, ఇప్పుడు వాడే మందులు. మందుకి కంపెనీ పెట్టిన పేరుతో పాటు, స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాయండి, ఊరు మారితే బ్రాండ్ దొరక్కపోవచ్చు. ఫోన్లో ఎమర్జెన్సీ సమాచారం నింపే చోటు ఉంటే ముఖ్యమైనవి అక్కడా ఎక్కించండి, లాక్ తియ్యకుండానే కనబడేలా పెట్టుకోవచ్చు.

మందు మారినప్పుడు ఆ లైను చెరిపెయ్యకండి. ఒక గీత కొట్టి, ఎప్పుడు, ఎందుకు ఆపారో పక్కన రాయండి. తర్వాత చూసే డాక్టర్ కచ్చితంగా అడిగేది అదే.