ముసలి కుక్క ఇంటికొచ్చాక – 4వ పాఠం: చెయ్యి వెయ్యడం

ఈసారి గోళ్ళు కత్తిరించడం నేర్పుతానని చెప్పాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివాక మీలో చాలామంది ఒకే చోట తడబడ్డారు. ఆ తప్పు నా దగ్గరే మొదలైంది.

"మొదటి మూడు రోజులు దాని జోలికి వెళ్ళకండి" అన్నాను. నీళ్ళు, తిండి, బొంత ఒక మూల అమర్చి వదిలెయ్యమన్నాను. మీరు అలాగే చేశారు. నాలుగో రోజు ఏం చెయ్యాలో మాత్రం నేను రాయలేదు. మూడు రోజులు ఆపుకున్న ముద్దూ మురిపెమంతా నాలుగో రోజు పొద్దున్నే దాని మీద కుమ్మరించారు. కాకినాడ నుంచి ఒకావిడ రాశారు. షెల్టర్ నుంచి తెచ్చుకున్న పదకొండేళ్ళ లాబ్రడార్ వరండాలో గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉంది. మామగారు పాలప్యాకెట్లతో లోపలికొస్తూ, పాపం ముసలిదని వంగి నడుం మీద నిమిరారు. అది ఉలిక్కిపడి లేచి చెయ్యి పట్టేసింది. రెండు గాట్లు, రక్తం. "కరిచే కుక్క మనకెందుకు, పంపించెయ్యండి" అంటున్నారట ఇంట్లో.

అమ్మా, ముందు మామగారి సంగతి. కుక్క పన్ను దిగితే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగాలి. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయంలోకి, దాని చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచెయ్యడం మొదలయ్యేలోపు రేబీస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) కూడా కావాలేమో డాక్టరుగారిని అడగండి. కుక్కకు రేబీస్ టీకా వేసినట్టు కార్డు ఉన్నా సరే, వెళ్ళి చూపించుకోవాలి. ఆలస్యమైపోయిందనుకుని ఊరుకోకండి, ఈ ఉత్తరం చదివిన వెంటనే వెళ్ళండి.

ఇప్పుడు కుక్క సంగతి. దానికి చెవులు వినిపిస్తున్నాయో లేదో మీ ఇంట్లో ఎవరూ చూసినట్టు లేదు. ఆ వయసుకి చాలా కుక్కలకి వినికిడి తగ్గిపోతుంది. పైకి తెలియదు, ఎందుకంటే మెలకువగా ఉన్నప్పుడు మన కదలికలు చూసి, వాసన పట్టి నెట్టుకొచ్చేస్తుంది. నిద్రలో ఆ రెండు ఆసరాలూ అంతగా పనిచెయ్యవు. చెవిటి కుక్కకి నిద్రలో నడుం మీద చెయ్యి పడడమంటే ఏమీ లేనిచోటి నుంచి ఎవరో మీద పడ్డట్టే. పైగా లాబ్రడార్, పదకొండేళ్ళు: తుంటి కీళ్ళు అరిగి ఉండే అవకాశం ఎక్కువ. మామగారు చెయ్యి వేసింది సరిగ్గా అక్కడే.

వినికిడి పరీక్ష తేలిక. అది నిద్రపోతున్నప్పుడు పక్క గదిలో, దానికి కనపడకుండా, స్టీలు గరిటెతో పళ్ళెం మీద కొట్టండి. రెండు మూడుసార్లు చూసినా చెవి కూడా కదలకపోతే వినికిడి బాగా తగ్గి ఉండవచ్చు. దగ్గరకెళ్ళి చప్పట్లు కొట్టి చూడకండి. చెవికి వినపడకపోయినా గాలి కదలిక తగిలి లేస్తుంది, వినపడుతోందని మీరు మోసపోతారు.

చూపు గురించి చాలామంది అడిగారు కాబట్టి ఒక్క మాట. కంటిపాపలో నీలిరంగు మసక కనిపిస్తే అంతా శుక్లమే అనుకోవద్దు. వయసుతో కంటిలోని కటకం (లెన్స్) గట్టిపడి అలా అవుతుంది, చూపు దాదాపు బాగానే ఉంటుంది. తెల్లగా, పాలు పోసినట్టుంటే శుక్లం కావచ్చు. తేల్చాల్సింది పశువైద్యుడే.

ఇక చెయ్యి ఎలా వెయ్యాలి. పడుకున్న కుక్క దగ్గరకి ఎప్పుడూ ముఖం వైపు నుంచే రండి. రెండడుగుల దూరంలో ఆగి, అది పడుకున్న బొంత అంచుని మెల్లగా తట్టండి. మన గ్రానైటు గచ్చు మీద కాలితో తాటించి లాభం లేదు, ఆ అదురు దానిదాకా వెళ్ళదు. బొంతైతే కదులుతుంది. ఒక పాత నూలు తువ్వాలు నా భుజం మీద ఎప్పుడూ ఉంటుంది, నా వాసన పట్టిన తువ్వాలు. దాన్ని ముక్కుకి జానెడు దూరంలో ఉంచి ఆగుతాను. అన్నిటికంటే చివరిదాకా మిగిలేది వాసన. ముక్కుపుటాలు ఆడతాయి, కళ్ళు తెరుచుకుంటాయి, నన్ను చూస్తుంది. అప్పుడు కూర్చుంటాను, వంగను. మీదకి వంగిన మనిషిని చూసి చాలా కుక్కలు బెదురుతాయి. అందుకే నాకు చిన్న పీట లేనిదే పని జరగదు.

మొదటి చెయ్యి ఛాతీ మీదో భుజం పక్కనో వెయ్యాలి. తల మీద వద్దు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి చెయ్యి తీసెయ్యండి. తీసేశాక అది ఏం చేస్తుందో చూడడమే అసలు పని. మీ వైపు ఒరిగితే, మూతితో మీ చేతిని నెడితే, మళ్ళీ మూడు లెక్కపెట్టండి. ముఖం తిప్పుకున్నా, ఊరికే పెదాలు నాకినా, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూసినా, బిగుసుకుపోయినా ఆ పూటకి చాలు. తోక ఊపింది కదా అని మాత్రం ధైర్యపడకండి. ఒళ్ళంతా బిగబట్టి తోక ఒక్కటే ఆడించే కుక్క సంతోషంగా లేదు.

గుర్రుమంటే? ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. మీ ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. ఒకరు పేపరు చుట్టి మూతి మీద కొట్టారు. ఒకరు గట్టిగా "నో" అన్నారు. ఒకరింట్లో నానమ్మగారు చీపురు ఎత్తారు. ఇంకొకరు మెడపట్టీ పట్టి లాగి, అది నోరు మూసేదాకా ఒత్తి పట్టుకున్నారు, "మర్నాటి నుంచి గుర్రుమనడం మానేసింది, పాఠం నేర్చుకుంది" అని సంతోషంగా రాశారు. అది నేర్చుకున్నది ఏమిటో తెలుసా? నొప్పి అని చెబితే దెబ్బ పడుతుందని. నొప్పి అలాగే ఉంది, భయం రెట్టింపైంది, ఆ రెండిటి గురించి మీకు ముందుగా తెలిపే ఒక్క గొంతూ పోయింది. ఇక ఒకరోజు ఏ శబ్దమూ లేకుండా పన్ను దిగుతుంది. "ఉన్నట్టుండి కరిచింది" అని షెల్టర్లలో రాయించే కుక్కల్లో గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్నవి ఎన్నో ఉంటాయి. నా దగ్గరకొచ్చిన ఒక జర్మన్ షెపర్డ్ అలాంటిదే. పిల్లల్ని పెట్టించి పెట్టించి, తొమ్మిదేళ్ళకి వదిలేశారు దాన్ని. ఎక్కడ ముట్టినా చప్పుడు చెయ్యదు, రాయిలా బిగుసుకుపోతుంది. అది నా ఎదుట మొదటిసారి గుర్రుమనడానికి నాలుగు నెలలు పట్టింది. ఎడమ తుంటి మీద దువ్వెన తగిలినప్పుడు. వెంటనే దువ్వెన కింద పెట్టాను. ఆ రోజు నాకెంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను. కాబట్టి గుర్రుమంటే చెయ్యి తియ్యండి, వెనక్కి జరగండి, ఎక్కడ తాకినప్పుడు అన్నదో రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకి చూపించండి. దానికి మనం అలుసైపోతామని భయపడకండి, అలాంటిదేమీ జరగదు.

నొప్పి ఉందని తెలిశాక మన ఇళ్ళలో జరిగేది ఇంకొకటి: మందుల డబ్బాలోంచి మనం వేసుకునే బిళ్ళ సగం విరిచి పెరుగన్నంలో కలపడం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుళ్ళు చేస్తాయి, మూత్రపిండాలు పాడుచేస్తాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా వెయ్యకండి. కీళ్ళనొప్పికి కుక్కలకిచ్చే మందులు వేరే ఉన్నాయి, ముసలి కుక్కకైతే కాలేయం, మూత్రపిండాల రక్తపరీక్ష చేసి ఇస్తారు.

ఆ లాబ్రడార్ని పంపించాలా అన్న ప్రశ్నకి నా సమాధానం: రెండు వారాలు ఆగండి. అప్పటికీ కుదరదంటే తెచ్చిన షెల్టర్‌కే అప్పగించి, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఊరి చివర దింపి రావడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పదకొండేళ్ళ ముసలి కుక్క రోడ్డు మీద ఎన్నాళ్ళు బతుకుతుందో మీకే తెలుసు. ఈలోగా దాని బొంత గుమ్మం దగ్గర్నుంచి తీసి, ఎవరూ దాటుకుంటూ వెళ్ళక్కర్లేని గోడవారకి మార్చండి. ఇది ఇవాళే చెయ్యండి.

అభ్యాసం. పద్నాలుగు రోజులు, మానకుండా.

మొదటిరోజు కుక్కతో పని లేదు. ఇంట్లో పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళకి గుడ్డ కట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. మిగతావాళ్ళు చెప్పకుండా వచ్చి మెడ మీద, నడుం మీద చెయ్యి వెయ్యండి. మామగారు కూడా కూర్చోవాలి. వీలైతే ఆయనే ముందు.

రెండోరోజు నుంచి రోజుకి రెండుసార్లు మూడు లెక్కల చెయ్యి, ఛాతీ, భుజం వరకే. పదో రోజు దాకా నడుం, తుంటి, తోక జోలికి ఎవరూ వెళ్ళొద్దు. ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, అది ఒరిగిందా తిరిగిందా, ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయాలి. రాత్రి గాఢనిద్రలో ఉన్నప్పుడు దూరం నుంచి ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. నిమిషానికి ముప్ఫై దాటి వరుసగా కనపడితే పద్నాలుగో రోజుదాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి, గుండె సంగతి కావచ్చు.

పదో రోజు తర్వాత, అది ఒరుగుతూ ఉంటేనే, చెయ్యి భుజం నుంచి వీపు మీదుగా మెల్లగా వెనక్కి జరపండి. గడ్డలు, పుళ్ళు, పిడుదులు చేతికి తగిలితే అవీ రాయండి. ఎక్కడ చర్మం అదిరిందో, ఎక్కడ అది తల తిప్పి మీ చేతి వైపు చూసిందో అక్కడే ఆపండి.

వచ్చే పాఠంలో పాదం పట్టుకోవాలి. ఆ పుస్తకంలో కనీసం ఇరవై "ఒరిగింది"లు లేనివాళ్ళు గోళ్ళ కత్తెర కొనకండి, ఇదే పాఠం ఇంకో పద్నాలుగు రోజులు చెయ్యండి.