జపనీస్‌లో పెద్దవాళ్లని "త్సుమోరి దెసు కా" అని అడక్కండి

మీ ఉద్దేశం చెప్పేటప్పుడు "ఇకు త్సుమోరి దెసు" (వెళ్లే ఉద్దేశంలో ఉన్నాను) అనొచ్చు, కాస్త మెత్తగా కావాలంటే "ఇకో తో ఒమొత్తె ఇమాసు" (వెళ్దామనుకుంటున్నాను) అనొచ్చు, రెండూ బాగానే ఉంటాయి. కానీ అదే త్సుమోరిని ప్రశ్నగా మార్చి మేనేజర్‌నో సెన్సేనో (టీచర్‌నో) అడిగితే నిలదీసినట్టు వినిపిస్తుంది, కాబట్టి వాళ్లతో "ఇరాస్షాయిమాసు కా" (గౌరవంగా, వెళ్తారా అండీ) అనండి. కోరిక చెప్పే "తాయ్" కూడా అంతే, పైవాళ్లకి కాఫీ ఇస్తూ "నోమితాయ్ దెసు కా" (తాగాలని ఉందా) అనొద్దు, "కోహీ వా ఇకాగా దెసు కా" (కాఫీ తీసుకుంటారా అండీ) చాలా బాగుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, వేరేవాళ్ల కోరికని "ఇకితాయ్ దెసు" (వెళ్లాలని ఉంది) అని మనమే తేల్చి చెప్పకూడదు. తమ్ముడు జపాన్ వెళ్తానంటుంటే "ఓతోతో వా నిహోన్ ని ఇకితాయ్ తో ఇత్తె ఇమాసు" (తమ్ముడు జపాన్ వెళ్లాలని ఉందంటున్నాడు) అనండి. "ఇకితాగత్తె ఇమాసు" (వెళ్లాలని ఉన్నట్టు కనిపిస్తున్నాడు) కూడా సరైనదే, కాకపోతే దాన్ని పెద్దవాళ్ల గురించి మాత్రం వాడకండి.