మొక్కల ఎంజైముల మీద పీహెచ్‌డీ: ల్యాబ్ కన్నా ముందు ఎంజైము

"ప్లాంట్ ఎంజైమ్ ఇంజినీరింగ్ మీద ఆసక్తి ఉంది, అవకాశం ఇవ్వగలరు" అని పంపే మెయిల్‌కు సాధారణంగా జవాబు రాదు. ఏ ఎంజైము, దాంతో వచ్చిన ఇబ్బందేమిటి, మార్చాక ఫలితాన్ని ఎలా కొలుస్తారు? ఈ మూడూ తేల్చుకున్నాకే గైడ్ కోసం వెతకండి.

రుబిస్కో అనే ఎంజైమునే తీసుకోండి. గాలిలోని కార్బన్‌ను ఆకులో కలిపేది అదే. కానీ సెకనుకు దాదాపు మూడు అణువుల దగ్గరే ఆగిపోతుంది, మధ్యలో పొరబడి ఆక్సిజన్‌నూ పట్టుకుంటుంది. ఎనిమిది పెద్ద, ఎనిమిది చిన్న ముక్కలను కూర్చే తోడు ప్రోటీన్లు, ల్యాబ్‌లో ప్రోటీన్ల తయారీకి వాడే ఈ.కోలై బ్యాక్టీరియాలో లేవు కాబట్టి, మొక్కల రుబిస్కోను అందులో తయారు చేయడం చాలా ఏళ్లు కుదరలేదు. 2017లో మ్యూనిక్ దగ్గరి మాక్స్ ప్లాంక్ బయోకెమిస్ట్రీ సంస్థ ఆ తోడు ప్రోటీన్లను కూడా మొక్క నుంచే తెచ్చి పెట్టి సాధించింది. దాంతో, మొక్కను పెంచకుండానే మార్పులు చేసి చూసే దారి పడింది. థీసిస్ ప్రశ్నలు ఇలాంటి చోటే దొరుకుతాయి.

ఇక డబ్బు సంగతి. ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో, లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు సగం పార్ట్-సీవే: 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోటి 4 మార్కులు. ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైము పనివేగం లెక్కలు), గ్రాఫులు చదవడం అక్కడ పనికొస్తాయి. నెట్ పాసైతే చాలదు, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రావాలి. అప్పుడే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ఇచ్చే జేఆర్‌ఎఫ్ మరో దారి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్లాంట్ సైన్సెస్, ఢిల్లీలోని పరిశోధన సంస్థలు ఎన్‌ఐపీజీఆర్, ఐసీజీఈబీల ప్రకటనలు చూస్తుండండి. జర్మనీలో పీహెచ్‌డీ చాలాచోట్ల ఉద్యోగ ఒప్పందం. ప్రకటనలో 65 శాతం అని ఉంటే ఒప్పందంలోని పని గంటలూ, జీతమూ అంతే. ఆచరణలో పని మాత్రం తరచూ నూటికి నూరూ ఉంటుంది.

మెయిల్ అరపేజీ దాటకూడదు. ఇలా మొదలుపెట్టొచ్చు: "మీ పేపర్లో ఎంజైము కరిగింది గానీ పనిచేయలేదని రాశారు. ట్రాన్సిట్ పెప్టైడ్‌ను ఇంకో పది అమైనో ఆమ్లాల అవతల కోసి చూడొచ్చా? క్లోనింగ్, నికెల్ కాలమ్ శుద్ధి చేశాను, నా కైనెటిక్స్ డేటా జతచేస్తున్నాను."

ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే. క్లోరోప్లాస్ట్‌కు దారి చూపే ఆ పెప్టైడ్‌ను తీయకుండా ఈ.కోలైలో పెడితే ప్రోటీన్ ముద్దకట్టే ప్రమాదం ఎక్కువ. తీశాకా ముద్దకడితే 37 డిగ్రీల నుంచి 16-18కి దించి, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం ఐపీటీజీని 0.1 మిల్లీమోలార్‌కు తగ్గించి రాత్రంతా పెంచాలి. ఆకు రసం గోధుమరంగుకు తిరిగితే ఫినాల్స్ ఎంజైమును పాడుచేస్తున్నట్టే. రుబ్బేటప్పుడే ఫినాల్స్‌ను పట్టే పీవీపీపీ, ఆక్సీకరణను అడ్డుకునే డీటీటీ వేసి ఐసు మీద ఉంచాలి. పీ450 రకం ఎంజైము అయితే ఎలక్ట్రాన్లు అందించే రిడక్టేజ్ జోడీ లేకుండా చాలావరకు కదలదు, దానికి ఈ.కోలై కన్నా ఈస్టే నయం.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఒకటి అడగండి: యాక్టివిటీ కొలిచే పరికరం ల్యాబ్‌లోనే ఉందా, లేక ఇంకో సంస్థలో స్లాట్ కోసం ఎదురుచూడాలా?