పొలంలో పాత సమాధులు: సున్నం కొట్టించే ముందు చదవండి

మా అత్తగారి ఊరు కందుకూరు దగ్గర. ఊరికి మొదట వచ్చి, అడవి కొట్టి చేను చేసుకున్నది మన ఇంటివాళ్లేనని పెదమామయ్య చెప్తారు. ఆ పెద్దల సమాధులు చెరువు కట్ట కింద, చిల్లచెట్ల మధ్య ఉన్నాయి. సంక్రాంతి వస్తుందంటే చాలు, సున్నం కొట్టిద్దామంటారు ఎవరో ఒకరు. కొట్టించండి, కానీ రాళ్లు చదివాకే. ఏటా వేసిన సున్నం అక్షరాల గాట్లలో పేరుకుని, చివరికి రాయి నున్నటి గోడైపోతుంది.

మన వైపు వానలు డిసెంబరుకు తగ్గుతాయి, జనవరి మొదట్లో దిగండి. పొదలు కర్రతో తట్టి మరీ అడుగెయ్యాలి, పాముల సంగతి తెలిసిందే. చిల్లకంప మనుషుల చేత నరికించండి. జేసీబీ పెడితే వేరుతో పాటు ఇటుకలూ లేస్తాయి. పగుళ్లలో మొలిచిన రావి మొక్కనూ పీకొద్దు, మొదలు దగ్గర కోసెయ్యండి.

రాయి మీద నీళ్లు చల్లి మెత్తటి బ్రష్‌తో తుడిస్తే చాలు. యాసిడ్, ఇనుప బ్రష్ వద్దు. సుద్దముక్కతో దిద్దడమూ వద్దు, ఉన్నది వదిలేసి మనకు తోచింది రాసేస్తాం. చీకటి పడ్డాక టార్చి రాయికి పక్కనుంచి వేస్తే అరిగిన గీతలు కూడా తేలతాయి. ఫోటో అప్పుడే తీయాలి.

అసలు చిక్కు తేదీతో. మా రాయి మీద ‘ధాత, మాఘ బహుళ’ అని ఉంది, అంకె లేదు. ధాత అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1876, 1936, 1996. ఉగాదికి మొదలైన ఏడాదిలో మాఘ బహుళం మరుసటి ఫిబ్రవరిలో పడుతుంది కాబట్టి ఒకటి కలపాలి. అంటే 1877 లేదా 1937. కట్టడం అంతా ఇటుక, సున్నపు గార, అంటే పాతకాలపు పనే. పైగా ఆ సమాధిలోని పెద్దాయన కరువులో పోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. ధాత కరువంటే 1876-78 నాటిదే, అందుకే నేను 1877 అని రాసుకున్నాను.

ఒంగోలు వైపు వాళ్లు రాయి మీద జిల్లా పేరు ఉంటే అదీ చూడండి, కాలం తెలుస్తుంది. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో, తర్వాత 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది.

పెచ్చులూడిన చోట సిమెంటు పూయించకండి. లోపలి తేమ బయటికి రాలేక పాత గార ఇంకా ఊడుతుంది. సున్నం, ఇసుక గారే వేయించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం.

పొలం పంచుకునేటప్పుడు ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) సమాధుల చోటు ఎవరి వాటాలో పడుతోందో చూసుకోండి. ఎవరైనా అమ్మితే దస్తావేజులో ఆ సెంట్లు మినహాయించి, నడిచే దారికీ హద్దులు రాయించండి. దారి మర్చిపోతే ప్రతి సంక్రాంతికీ గట్టు మీద తగువే.