ఇంట్లో చేసిన కార్బన్ ఫిల్టర్: వాసన ఆగకపోతే ఎక్కడ వెతకాలి

గ్రో టెంట్‌లోనో (ఇంట్లో మొక్కలు పెంచే మూసిన గుడారం) చిన్న గదిలోనో మొక్కలు పెంచుతూ, వాసన ఇల్లంతా పాకకుండా సొంతంగా కార్బన్ ఫిల్టర్ చేసుకున్నవాళ్ళ నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "కార్బన్ నాసిరకం అనుకుంటా, పనిచేయట్లేదు." పాపం, కార్బన్ తప్పు చాలాసార్లు ఏమీ ఉండదు. గాలి మహా బద్ధకస్తురాలు. కార్బన్‌లోంచి ఈదుకుంటూ రావడం కంటే పక్కన వేలెడు సందు దొరికితే అందులోంచే జారుకుంటుంది. అందుకే కొత్త కార్బన్ కొనే ముందు సందు వెతకండి.

కింద లెక్కలన్నీ ఒక కొలతకి చెబుతున్నాను: బయటి జాలీ గొట్టం 20 సెం.మీ. వ్యాసం, లోపలిది 10, ఎత్తు 40. రెంటి మధ్య 5 సెం.మీ. మందాన కార్బన్, అంటే వాసన పట్టుకునేలా ప్రత్యేకంగా శుద్ధి చేసిన యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు. ఒక చివర పూర్తిగా మూత, రెండో చివర ఫ్యాన్. గాలి బయటి నుంచి కార్బన్ దాటి లోపలి గొట్టంలోకి వస్తుంది, ఫ్యాన్ దాన్ని బయటికి లాగేస్తుంది. ఈ సైజుకి సుమారు 9.4 లీటర్ల కార్బన్ పడుతుంది, అంటే నాలుగున్నర నుంచి ఐదు కిలోలు.

మొదటి రోజు నుంచే వాసన వస్తోంది

ముందు ముక్కుతో ఒక పరీక్ష. ఎగ్జాస్ట్ గొట్టం చివర, గాలి బయటికొచ్చే చోట వాసన చూడండి. అక్కడ శుభ్రంగా ఉండి గది మాత్రం వాసనేస్తుంటే ఫిల్టర్‌ని వదిలేయండి, లీకు టెంట్‌ది. ఫ్యాన్ నడుస్తున్నప్పుడు టెంట్ గోడలు కొద్దిగా లోపలికి పీక్కుపోవాలి. బయటికి ఉబ్బుతున్నాయంటే లోపలికి గాలి తోసే ఫ్యాన్ బలం ఎక్కువైందన్నమాట, దాన్ని తగ్గించండి. గోడలు కదలకుండా ఉంటే వెలిగించిన అగరుబత్తిని జిప్పుల దగ్గర, వైర్లు దూరే రంధ్రాల దగ్గర బయటి వైపు పట్టుకోండి. పొగ లోపలికి లాగబడాలి. నిప్పు బట్టకి తగలకుండా చూసుకోండి మరి.

ఎగ్జాస్ట్ దగ్గరే వాసన ఉంటే ఫిల్టర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య అతుకు చూడాలి. అక్కడ సందు ఉంటే ఫ్యాన్ టెంట్‌లోని గాలిని కార్బన్ దాకా పోనివ్వకుండా నేరుగా మింగేస్తుంది. మామూలు గుడ్డ టేపు వేడికి జిగురు వదిలేస్తుంది. అల్యూమినియం రేకు టేపు వేసి, పైన క్లాంప్ బిగించండి.

అతుకు బాగానే ఉందా? అయితే అసలు దొంగ దొరికినట్టే: కూరుకుపోయిన కార్బన్. నా మొదటి ఫిల్టర్‌ని అడ్డంగా, తాళ్ళతో టెంట్ పైకప్పుకి వేలాడదీశాను. నింపినప్పుడు అంచుదాకా ఉన్న గుళికలు ఫ్యాన్ అదురుకి మెల్లగా సర్దుకున్నాయి. పై భాగంలో ఈ చివర నుంచి ఆ చివరదాకా ఖాళీ. కళ్ళకి కనపడదు, పైన దుమ్ము ఆపడానికి చుట్టిన ప్రీఫిల్టర్ గుడ్డ ఉంది కదా. రెండు వారాలు కార్బన్‌నే తిట్టుకున్నాను. చివరికి ఒక రాత్రి గుడ్డ తీసి, లైట్లార్పి, లోపలి గొట్టంలో టార్చి పెట్టి చూస్తే పై వరసంతా దీపాల తోరణంలా వెలిగింది. మిగతా చోట్ల 5 సెం.మీ. కార్బన్ దాటి వెలుతురు చుక్క కూడా రాలేదు. వెలుతురు దాటే చోట గాలీ దాటుతుంది. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు.

పరిష్కారం నింపే పద్ధతిలో ఉంది. ఒక్కసారిగా కుమ్మరించకండి. ఐదారు సెంటీమీటర్లు పోయడం, చుట్టూ అరచేత్తో తట్టడం, నేలకేసి మెల్లగా కుదపడం, మళ్ళీ పోయడం. నిండింది అనుకున్నాక కూడా ఇంకో రెండు గుప్పిళ్ళు పడతాయి, చూడండి. మూత కింద వలయంలా కత్తిరించిన స్పాంజి ముక్క పెడితే ముందుముందు సర్దుకున్నా పైనుంచి నొక్కుతూ ఉంటుంది. జాలీ పై అంచు చుట్టూ, లోపలా బయటా మూడు సెంటీమీటర్ల పట్టీ రేకు టేపు వేయండి. కార్బన్ కాస్త దిగినా ఆ ఖాళీ టేపు చాటునే ఉండిపోతుంది. ఫిల్టర్‌ని నిలువుగా పెట్టగలిగితే ఇంకా మంచిది.

బొగ్గుతో చేశాను, అస్సలు పనిచేయలేదు

పనిచేయదు. పొయ్యి బొగ్గు వేరు, యాక్టివేటెడ్ కార్బన్ వేరు. రెండోదాన్ని దాదాపు 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర ఆవిరితోనో, లేదా రసాయనాలతోనో శుద్ధి చేసి కంటికి కనపడని రంధ్రాలు తెరుస్తారు. ఒక్క గ్రాములో ఉపరితలం 500 చదరపు మీటర్లు దాటుతుంది. వాసన అణువులు పట్టుకుని కూర్చునేది అక్కడే. 4 మి.మీ. గుళికలైతే ఇలాంటి ఫిల్టర్‌కి హాయి.

వాసన తగ్గింది, పూర్తిగా పోలేదు

గాలి మరీ వేగంగా పోతోంది. కార్బన్‌తో కనీసం సెకనులో పదోవంతు గడపాలనేది ఇలాంటి ఫిల్టర్లకి వాడే లెక్క. గంటకు 200 ఘనమీటర్లు లాగే ఫ్యాన్ అంటే సెకనుకు 55 లీటర్లు. మన 9.4 లీటర్ల కార్బన్‌లో గాలి 0.17 సెకను ఉంటుంది, సరిపోతుంది. అదే 400 ఫ్యాన్ పెడితే 0.085కి పడిపోతుంది, వాసన జారిపోతుంది. నిజానికి అంత ఫ్యాన్ అక్కర్లేదు కూడా. 1.2 మీటర్ల చదరం, 2 మీటర్ల ఎత్తు టెంట్‌లో ఉండేదే 2.9 ఘనమీటర్ల గాలి, నిమిషానికోసారి మొత్తం మార్చినా గంటకు 175 దాటదు. స్పీడ్ కంట్రోలర్‌తో తగ్గించండి. లైట్ల డిమ్మర్ మాత్రం వాడకండి, మోటారు గుయ్‌మంటూ వేడెక్కుతుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, గాలి లాగట్లేదు

కంప్యూటర్ ఫ్యాన్, గోడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాంటివి ఎదురు ఒత్తిడికి చేతులెత్తేస్తాయి. గాలి గొట్టం (డక్ట్) మధ్యలో బిగించే ఇన్‌లైన్ ఫ్యాన్ కావాలి. ఫ్యాన్ సరైనదే అయితే ప్రీఫిల్టర్ గుడ్డ తీసి చూడండి. గుడ్డ తీయగానే గాలి పెరిగితే దుమ్ము పట్టిందన్నట్టే, ఉతికి పూర్తిగా ఆరాక తొడగండి. పెరగకపోతే కార్బన్ మరీ సన్నగా, రవ్వలా ఉందేమో, డక్ట్‌లో వంపులు ఎక్కువయ్యాయేమో చూడాలి.

నల్లటి పొడి రాలుతోంది

జల్లెడ పట్టకుండా నింపారు. గుళికలు సంచిలో ఒరుసుకుని అడుగున పొడి చేరుతుంది. మాస్కు పెట్టుకుని ఆరుబయట జల్లించి నింపండి. తర్వాత అరగంట ఫ్యాన్ పెట్టి ఆ గాలి ఆరుబయటికే పోనివ్వండి. ఈ పని ఇంట్లో చేశారా, తెల్లసాక్సులతో సహా అన్నీ సాక్ష్యం చెబుతాయి.

పగలు బాగుంది, లైట్లు ఆరాక వాసన

తేమ. దీపాలు ఆరగానే టెంట్ చల్లబడి గాలిలో తేమ శాతం ఎగబాకుతుంది. 70 దాటాక నీటి ఆవిరే కార్బన్ రంధ్రాల్లో చోటు ఆక్రమిస్తుంది. తేమ మీటరు ఒకటి పెట్టి, 60కి అటూఇటూ ఉంచే ప్రయత్నం చేయండి. రాత్రి కూడా ఎగ్జాస్ట్ ఆపకండి, నీళ్ళు పొద్దున్నే పోయండి. తడిసిన కార్బన్ ఆరితే చాలావరకు కోలుకుంటుంది.

మిగతా వాసనలన్నీ పోయాయి, ఎరువు ఘాటు మాత్రం పోలేదు

ముక్కుని పొడిచే ఆ ఘాటు అమ్మోనియా. మామూలు కార్బన్ దాన్ని సరిగ్గా పట్టుకోలేదు, ఫిల్టర్‌ని రెట్టింపు చేసినా పెద్ద తేడా రాదు. ఎరువు పూర్తిగా మాగలేదని అర్థం. దాన్ని బయటే మాగనిచ్చి వాడండి.

నెలల తరబడి పనిచేసి ఇప్పుడు మొరాయించింది

టార్చి పరీక్ష మళ్ళీ చేయండి, తేమ చూడండి. రెండూ బాగుంటే అప్పుడు కార్బన్ నిండిపోయిందని ఒప్పుకోవచ్చు. ఓవెన్‌లో పెట్టి తిరిగి బతికించాలని చూడకండి. వంటింటి ఓవెన్ వేడికి తేమ ఆరుతుంది, కాస్త వాసన వంటగదిలోకి దిగుతుంది, అంతే. పైగా పొడికి నిప్పంటుకునే ప్రమాదం ఒకటి. జాలీలు, మూతలు ఉంచుకుని కార్బన్ మాత్రం మార్చేయండి. నింపిన తేదీ మూత మీద మార్కర్‌తో రాస్తే వచ్చేసారి ఊహించుకునే పని ఉండదు.